ముదిమికి నీడయు తోడును

మహాభారతమున యుద్ధపర్వములను ఉత్సాహముతో చదివినవారు పెక్కుమంది ఆశ్రమవాసపర్వము చేరునప్పటికి అలసిపోవుదురు. భీష్మద్రోణులు పడిపోయిరి, రాజ్యము పాండవులకు దక్కినది, ఇక చెప్పవలసినదేమున్నదని పుస్తకము మూయుదురు. కాని వార్ధక్యమును గూర్చి ఆలోచింపదలచినవాడు ముందుగా తెరువవలసినది ఆ చిన్న పర్వమునే. నూర్గురు కొడుకులను పోగొట్టుకొని, ధర్మరాజు ఆదరమున 15 ఏండ్లు గడపియు, భీముని సూటిపోటి మాటలకు మనసు విరిగిన ధృతరాష్ట్రుడు అడవికి పోవ నిశ్చయించుకొనగా గాంధారి వెంట నడచెను. కొడుకులు కాళ్లమీద పడి వేడుకొన్నను మరలక, గాంధారి చేతిని తన భుజముపై వేయించుకొని, చూపులేని ఆ దంపతులకు దారి చూపుచు కుంతియు వెడలిపోయెను. రాజ్యము వచ్చిన తరువాత రాజమాత కోరి పరిచారిక యయ్యెను. సంజయుడు నేల మిట్టపల్లములు చెప్పుచు రాజును నడపించెను. వృద్ధులు ఒకచోట చేరి నివసించుట, వారికి చేయూతనిచ్చువారు వెంట నుండుట అను రెండు విషయములను ఇంత నిండుగా చూపిన ఘట్టము మన వాఙ్మయమున మరియొకటి నాకు కనబడలేదు.

ధర్మశాస్త్రకారులకు ఇందు మొదటి విషయముపైననే దృష్టి. దేహము ముడుతలు పడి, తల నెరసి, మనుమని ముఖము చూచినవాడు వనమునకు పోవలెనని మనువు విధించెను. వాని ఆహారనియమములను, వస్త్రనియమములను సవిస్తరముగ చెప్పెను. కాని అచట కాలు జారి పడినచో లేవదీయువారెవ్వరో చెప్పలేదు. ఆచరణమున వనమునకు పోయినవారు అరుదు. ఇంటనే అరుగుమీదనో, వెనుకగదిలోనో మంచము వేసికొని ముసలివారు శేషజీవితము గడపిరి. వారికి పథ్యము వండినది, పక్క మార్చినది, రాత్రివేళ పిలుపునకు లేచినది సామాన్యముగా కోడలు; కొన్ని ఇండ్లలో బాల్యముననే భర్తను పోగొట్టుకొని పుట్టింట నిలిచిపోయిన ఆడుబిడ్డయో, మేనత్తయో. ఉమ్మడికుటుంబమును ఇప్పుడు తలచుకొని నిట్టూర్చువారు, ఆ వ్యవస్థ నిలిచినది జీతము, సెలవు, మెప్పు ఎరుగని ఈ స్త్రీల వెన్నెముకపైననే యని మరచుచుందురు.

ఇల్లు విడిచిన కొద్దిమందికి కాశి గమ్యము. కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత ప్రయాణకష్టమును చెప్పుటకు పుట్టినదే యైనను, అందు నిజమును కలదు. అచటనే ప్రాణము విడువవలెనని పోయిన తెలుగువారు ప్రతితరమునందును ఉండిరి. దారిపొడవున వారికి సత్రములుండెను. అయితే సత్రము బాటసారికి ఉద్దేశింపబడినది. ఏండ్లతరబడి ఉండి రోజురోజునకు శక్తి తరుగు మనిషిని కనిపెట్టుట దాని ధర్మము కాదు.

ఐరోపాఖండమున వృద్ధులకు స్థిరమైన వసతి మఠముల చాటున ఆరంభమైనది. వించెస్టరు బిషప్పగు హెన్రీ ఆఫ్ బ్లవా 12వ శతాబ్ది నాలుగవ దశకమున సెయింట్ క్రాస్ ధర్మశాలను నెలకొల్పి, ఊత లేనిదే అడుగు వేయజాలని 13 మంది పేదలకు బసయు భోజనమును ఏర్పరచెను. ఆ సంస్థ నేటికిని నిలిచియున్నది. దాని నివాసులు 'సోదరులు' అనిపించుకొనుచు అంగీలు ధరింతురు. దారిన పోవువాడు అడిగినచో రొట్టెముక్కయు, కొమ్ముగిన్నెలో బీరును నేటికిని ఒసగుదురు. జర్మనీలోని ఆగ్స్‌బర్గు వర్తకుడు యాకోబ్ ఫుగ్గరు 1521లో కట్టించిన ఫుగ్గెరై పేట వృద్ధులకే ప్రత్యేకము కాకున్నను ఈ కోవలోనిదే. సంవత్సరమునకు ఒక రైనిష్ గిల్డరని ఆనాడు నిర్ణయించిన అద్దె నేటి నాణెమున 88 సెంట్లు. ఐదు శతాబ్దులలో అద్దె పెంచని యజమాని లోకమున వేరొకడుండునా యని సందేహము! కాని అద్దెతోపాటు మరియొక బాకీ కలదు: నివాసులు ప్రతిదినము దాత కుటుంబపు ఆత్మశాంతికై మూడు ప్రార్థనలు చేయవలెను. రాత్రి పదిగంటలకు ద్వారము మూయబడును. ఆలస్యముగ వచ్చినవాడు కావలివానికి చిల్లర చెల్లింపవలెను. సంగీతకారుడు మొజార్టు ముత్తాత, తాపీపనివాడు, చివరి దశలో ఇచటనే తలదాచుకొనెను.

ఫ్రాన్సున 14వ లూయీ 1670లో ఆరంభించిన అంగవికలసైనికుల భవనమును, దానిని చూచి ఇంగ్లండున రెండవ చార్లెసు 1682లో తలపెట్టిన చెల్సీ భవనమును రాజ్యములు తమ ముసలి సిపాయిలకు కట్టించినవి. చెల్సీలో ఒక్కొక్కరికి దక్కిన గది ఆరడుగుల చదరము; అది తొమ్మిదడుగులగుటకు 20వ శతాబ్ది రావలసివచ్చెను, స్త్రీసైనికులకు ప్రవేశము 2009లో గాని లభింపలేదు. ఈ ధర్మశాలల చరిత్రలు చదివినచో స్థాపకుని పేరు, వాస్తుశిల్పి పేరు, రొట్టె తూకము, అంగీ రంగు సైతము తెలియవచ్చును. వించెస్టరునందలి ఆ 13 మందిలో లేవలేనివానికి ఒళ్లు తుడిచినదెవరో మాత్రము తెలియదు.

1834లో ఇంగ్లండున వచ్చిన పేదల చట్టముతో దానము పోయి దండన వచ్చెను. సాయమడుగుటకు జనులు సిగ్గుపడునట్లు చేయుటయే ఆ చట్టపు ఆంతర్యము. వర్క్‌హౌసు అను పేదలకొట్టములో స్త్రీపురుషులను వేరుచేసిరి; నలుబది, ఏబది ఏండ్లు కాపురము చేసిన దంపతులు ఒకే ప్రాకారములో రెండు దొడ్లపాలైరి. 60 ఏండ్లు దాటిన ఆలుమగలను విడదీయరాదని 1847లో శాసనము వచ్చినను, పెక్కుచోట్ల వేరుగది లేదను నెపమున అది అమలు కాలేదు. పనిచేయగల సోమరికై కట్టిన ఆ కొట్టములు కాలక్రమమున రోగులతోను, వృద్ధులతోను నిండిపోయినవి. వారికి ఉపచారము చేసినవారెవరు? ఆ కొట్టములోనే చేరిన ఇతర పేదస్త్రీలు. వారికి జీతము లేదు. ప్రతిఫలము కొంచెము ఎక్కువ తిండియు, కొంత బీరును. చదువురానివారు మందుసీసాపై చీటీ చదువలేరు. త్రాగినవారు రాత్రి పిలిచినను పలుకరు. వారిని నిందించుట సులభమే. కాని తనకే దిక్కులేని మనిషిచేత దిక్కులేనివానికి సేవ చేయింపజూచిన ప్రభువుల తెలివిని ముందుగా నిందింపవలెను.

ఈ స్థితిని మార్చుటకు మొదటి గట్టి యత్నము లివర్పూలున జరిగెను. విలియం రాత్‌బోన్ అను ధనికవర్తకుడు వ్యయమును భరించుటకు పూనుకొనగా, ఫ్లారెన్సు నైటింగేలు తన పాఠశాలలో తయారైన నర్సులను పంపగా, ఆగ్నెస్ జోన్సు 1865లో అచటి వర్క్‌హౌసు వైద్యశాలకు నాయకురాలయ్యెను. మంచములు వందలసంఖ్యలో నుండగా శిక్షణ పొందిన నర్సులు పన్నిద్దరు మాత్రమే. కొట్టములోని పేదస్త్రీలకే పని నేర్పి తోడు చేసికొందమని ఆమె యత్నించెను గాని, త్రాగుడు మూలమున పలువురిని తొలగింపవలసివచ్చెను. మూడేండ్లు నిండకుండగనే, 1868లో, ఆమె టైఫసు జ్వరము సోకి 35వ యేట మరణించెను. వర్క్‌హౌసులలో అచటి పేదలను నర్సులుగా నియమింపరాదని ప్రభుత్వము ఉత్తరువు వెలువరించుటకు మరి ముప్పదేండ్లు, అనగా 1897 వరకు పట్టినది.

ఇంగ్లీషు కాల్వకు ఆవలియొడ్డున ఫ్రాన్సులో ఇంతకు పూర్వమే వేరొకరీతి ప్రయోగము సాగుచుండెను. బ్రిటనీ తీరమున 1792లో బెస్తయింట పుట్టిన జాన్ జుగాన్ వంటకత్తెగను, ఆసుపత్రి పరిచారికగను, దాసిగను జీవితము గడపి, 47వ యేట, 1839 శీతకాలమున, చూపును కాలుసేతుల సత్తువయు పోయిన ఒక వితంతువును తన అద్దెయింటికి మోసికొనివచ్చి, తన మంచము ఆమెకిచ్చి తాను అటుకమీద పడుకొనెను. తరువాత మరియొకతె, పిమ్మట ఇంకొందరు. అంతవరకు వీథులలో బిచ్చమెత్తిన ముసలమ్మలను ఆమె బయటికి పోనీయక, వారు ఏయే గడపలకు పోవుచుండిరో అడిగి తెలిసికొని, వారి బుట్టను తానే చేతబట్టి ఆ గడపలన్నియు తిరిగెను. చేతనైనవారు ఉన్ని వడకిరి, గుడ్డలు కుట్టిరి. ఇట్లు వెలసినదే 'పేదల చిన్న చెల్లెండ్రు' అను సన్యాసినీసంఘము. ఇందు చూడదగిన విశేషము, పరిచారికయు వృద్ధురాలును ఒకే కప్పు క్రింద, ఒకే కుండలోని కూడు తినుట. దాత ఒకడు కాక ఊరంతయు దాతయగుటచే ఎవరి ఆత్మశాంతికిని ప్రత్యేకముగ ప్రార్థింపవలసిన బాధయు లేకపోయెను. కీర్తి మాత్రము ఆమెకు దక్కలేదు. ఒక మతాచార్యుడు 1843లో ఆమెను నాయకత్వమునుండి తొలగించి స్థాపకుడు తానే యని చాటుకొనగా, ఆమె మారుమాటాడక చివరి 27 ఏండ్లు సంఘపు ప్రధానగృహమున అనామకముగ గడపి 1879లో కన్నుమూసెను. 2009లో రోము ఆమెను పునీతురాలని ప్రకటించినది. ఆ చెల్లెండ్రు 1882లో కలకత్తా చేరిరి. అనంతరము దక్షిణదేశమునకును వచ్చిరి. సికింద్రాబాదున వారి వృద్ధాలయము మతభేదము లేక పేదవృద్ధులను ఆదరించినది. మన గడ్డపై నేటి అర్థమున వృద్ధాశ్రమమను సంస్థకు పునాది వేసినవారిలో వీరిని ముందుగా చెప్పవలెను. విశాఖపట్టణమునందలి ప్రేమసమాజము వంటి దేశీయసంస్థలు అనాథబాలురను, వృద్ధులను ఒక్కచోట పోషించుచు ఆ పనిని మన పద్ధతిని సాగించినవి.

మరల ఇంగ్లండునకు వత్తము. కొట్టములోని వృద్ధునికి అన్నము తరువాతి శత్రువు ఏమియు తోచకపోవుట. లేడీ బ్రబజాన్ 1882లో సొంత సొమ్ముతో దారము, సూదులు, ఉన్ని కొనిపెట్టి, పనికిరానివారని త్రోసివేయబడిన ముసలివారికి అల్లికలు నేర్పింపజేసెను. వారు చేసిన వస్తువులను అమ్మిన పైకముతో పెట్టుబడి తిరిగివచ్చెను. నేడు ఖరీదైన ఆశ్రమములు ప్రకటనలలో చాటుకొను 'కార్యక్రమముల పట్టిక'కు ఈ దారపుండయే మూలపురుషుడు. 1908 నాటి పింఛను చట్టము 70 ఏండ్లు నిండిన పేదలకు వారమునకు ఐదు షిల్లింగులు ఒసగుటతో, కొట్టము చేరక తమ ఇంటనే ఉండగల భాగ్యము పలువురకు కలిగినది. మన పల్లెలలోను నెలనెల వృద్ధాప్యపు పింఛను చేతికందనారంభించిన పిదప ముసలమ్మ కాఫీలో చక్కెర పెరిగినదని హాస్యమాడువారున్నారు. హాస్యములో అబద్ధము తక్కువ.

రెండవ ప్రపంచయుద్ధానంతరము మంత్రి అన్యూరిన్ బెవాన్, కొట్టపు యజమానికి పేదకును గల సంబంధము పోయి హోటలు నిర్వాహకునకు అతిథికిని గల సంబంధము రావలెనని ఆశించి, 1948 చట్టముచే స్థానికసంస్థలకు వృద్ధగృహముల బాధ్యత నప్పగించెను. పదేండ్లు గడచిన పిమ్మట పీటర్ టౌన్‌సెండ్ అను సామాజికశాస్త్రవేత్త 173 గృహములను స్వయముగ దర్శించి 1962లో ప్రకటించిన గ్రంథము ఆ ఆశను చల్లార్చినది. బల్లపై పేరు మారినది. భవనము, వరుసమంచములు, గంట మ్రోగినప్పుడు భోజనము, పలుచోట్ల పాత ఉద్యోగులు అట్లే యుండిరి. ఒకే గదిలో గోడవారగా కుర్చీలలో కూర్చున్నవారు ఒకరితో ఒకరు మాటాడరయిరి. పదిమందిని ఒకచోట చేర్చినంత మాత్రమున సహవాసమేర్పడదని ఆ గ్రంథము నిరూపించినంత స్పష్టముగ మరేదియు నిరూపింపలేదు.

అమెరికా త్రోవ వేరు. అచటి 1935 నాటి సాంఘికభద్రతా చట్టము, పేదల కొట్టములను మాన్పవలెనను సదుద్దేశముతోనే, ప్రభుత్వగృహములలో నుండువారికి వృద్ధసహాయధనము చెల్లదనెను. తత్ఫలితముగ వృద్ధులు ప్రయివేటు గృహములకు తరలిరి; ముదిమి వ్యాపారమయ్యెను. 1954లో ఆసుపత్రుల కట్టడపు నిధులు నర్సింగుహోములకు వర్తింపజేయుటతో అవి ఆసుపత్రి పోలికను సంతరించుకొనెను: పొడుగాటి నడవ, మధ్య నర్సుల బల్ల, జంటమంచముల గదులు. 1965లో వైద్యసహాయ పథకములు రాగా ధనప్రవాహము పెరిగెను. మధ్యయుగమున చనిపోయిన దాత నివాసి దినచర్యను శాసించెను; ఇప్పుడు వైద్యుని పట్టిక శాసించెను. ఎప్పుడు లేవవలెనో, ఎప్పుడు మాత్ర మ్రింగవలెనో, ఎవరితో గది పంచుకొనవలెనో నిర్ణయించుటలో ఆ గదిలోని మనిషికి మాత్రము పాత్ర లేదు. మంచమునకు, కుర్చీకి కట్టివేయుట సైతము 'భద్రత'గా చెల్లినది. 1987లో వచ్చిన శాసనము ఆ కట్లను నియంత్రించి, నివాసుల హక్కులను వ్రాతలో పెట్టి, సహాయపరిచారకులకు కనీసము 75 గంటల శిక్షణ ఉండవలెనని విధించెను. అదే సంవత్సరమున జపానుదేశము వృద్ధపరిచర్యను జాతీయార్హతాపత్రముగల వృత్తిగా చట్టపరచుట గమనింపదగినది. సెయింట్ క్రాస్ స్థాపింపబడిన సుమారు ఎనిమిదిన్నర శతాబ్దులకు గాని ఈ పని నేర్చుకొనవలసిన విద్యయని ప్రభుత్వములకు తోచలేదు!

అమెరికాలోనే కెరెన్ బ్రౌన్ విల్సన్ అను ఆమె తల్లి నడివయసుననే పక్షవాతమునకు గురియై నర్సింగుహోముల పాలగుటయు, తనకొక తలుపు, ఒక తాళము, తన సామాను గల చోటు చూడుమని కుమార్తెను కోరుటయు జరిగినవి. ఆ కోర్కె ఫలితముగ 1983లో పోర్ట్‌లండున 112 వాటాల పార్కుప్లేసు తెరువబడెను. అచట పరిచారిక తలుపు తట్టి లోనికి రావలెను. ఇంతటి చిన్న నియమము ఇరువురి సంబంధమును తలక్రిందులు చేసినది; అంతవరకు కాపలాదారుగ నున్న ఆమె ఒకరి ఇంటికి వచ్చిన సహాయకురాలయ్యెను. 1991లో న్యూయార్కు రాష్ట్రపు చిన్నయూరిలో నర్సింగుహోము వైద్యుడైన బిల్ థామస్, ఒంటరితనము, నిస్సహాయత, విసుగు అను మూడింటిని రోగములుగ నెంచి, రెండు కుక్కలను, నాలుగు పిల్లులను, నూరు పక్షులను తెప్పించెను. పంజరములకన్న ముందుగ పక్షులు రాగా, తెచ్చినవాడు వానిని క్షౌరపుగదిలో వదలిపోయెను! ఆ గందరగోళము చూచి ముసలివారు ఏండ్లతరువాత కడుపార నవ్విరి. పోషింపబడుటయే గాని పోషించు పని లేనివానికి బ్రదుకు రుచింపదని ఆయన కనిపెట్టినది నిజమే. కాని ఆ పక్షుల రెట్టలెత్తినది మొదట సణుగుకొనిన పరిచారకులే యని మరువరాదు. వారిని ఒప్పించుటయే తమకు అన్నిటికన్న కష్టమైనదని సంస్కర్తలందరి అనుభవము.

ధనమును చట్టమును సమకూర్చుకొన్న జపానునందు 2000 నుండి 40 ఏండ్లు దాటిన ప్రతివారు పరిచర్యాబీమా చెల్లింతురు. మతిమరుపు రోగులు తొమ్మండుగురికి మించక చిన్న ఇండ్లలో కలసి కూరగాయలు తరుగుకొనుచు కాలము గడుపుదురు. అచటను చేతులు చాలక 2008 నుండి ఇండొనీషియానుండియు, పిమ్మట ఫిలిప్పీన్సు, వియత్నాములనుండియు పరిచారకులను రప్పించుకొనుచున్నారు.

మనదేశమున 2011 జనగణననాటికే 60 ఏండ్లు పైబడినవారు 10 కోట్లు దాటిరి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణచట్టము పిల్లలపై పోషణభారమును మోపెను; నెలకు పదివేల రూపాయల వరకు ఇప్పించుటకు న్యాయమండలులను ఏర్పరచెను; చూతుమని ఆస్తి వ్రాయించుకొని చూడనివారి దస్తావేజును రద్దుచేయు వీలు కల్పించెను; జిల్లాకొకటి చొప్పున 150 మంది నిరుపేదలకు చాలు వృద్ధాశ్రమములను రాష్ట్రములు నెలకొల్పవచ్చుననెను. వైద్యమును, వినోదమును సైతము పేర్కొనెను. ఆశ్రమములో రాత్రి మేల్కొనియుండవలసినవాని శిక్షణ, జీతము, విశ్రాంతి అను విషయములపై అందు అధ్యాయమేదియు లేదు.

తెలుగునాట ఈ మూడు దశాబ్దములలో పిల్లలు అమెరికాకు, ఆస్ట్రేలియాకు తరలుటతో నగరముల పొలిమేరల రుసుము గల ఆశ్రమములు బయలుదేరినవి. దిక్కులేక చేరినవారి చోట ఉపాధ్యాయులు, బ్యాంకి ఉద్యోగులు, ఇంజనీర్లు వచ్చి చేరిరి. వీరి సమాజజీవనమును దగ్గరనుండి చూచినచో అది పెద్ద అగ్రహారము వలె కనబడును: తెల్లవారుజామున కాఫీ ఆలస్యమైనదని అలుక, దినపత్రిక మొదట ఎవరిదను తగవు, సాయంత్రము విష్ణుసహస్రనామము, రాత్రి వీడియోకాలు కొరకు ఎదురుచూపు. విడాకులు లేని ఈ సహవాసమున కొత్త స్నేహములు అంకురించుటయు కలదు. భర్త పోయినతరువాత హార్మోనియము మరల చేతబట్టినవారున్నారు. ఉచితాశ్రమములలో మరియొక ఆచారము వ్యాపించినది. పుట్టినరోజున వచ్చి పాయసము వడ్డించు దాతలు వృద్ధులను వరుసగ నిలిపి ఫొటో తీసికొని పోవుదురు. ఫుగ్గరు ప్రార్థన కోరెను, వీరు చిరునవ్వు కోరుదురు. ప్రార్థన కనీసము కన్నులు మూసికొని చేయవచ్చును.

ఈ ఇండ్లలో ఆయాలు, అటెండర్లు, కేర్‌టేకర్లు అని పిలువబడువారిలో పల్లెలనుండి వచ్చిన స్త్రీలు హెచ్చు. తన తల్లిని ఊరిలో తమ్మునికి వదలి, బిడ్డను హాస్టలులో చేర్చి, ఇచట పరుల తల్లికి తలదువ్వు మనిషిని 'అమ్మాయీ' అని పిలుచు ముసలమ్మకు, ఆమెకును నడుమ ఏర్పడు చుట్టరికము ఏ చట్టమునకును అందదు. ఆ చుట్టరికమును చూచి ముగ్ధులై జీతము మాట మరచుట మన యజమానులకు పరిపాటి. పండ్రెండు గంటలు పనిచేసి, అదే వరండాలో పడుకొని, పిలుపు వినబడినంతనే లేచువాని ఓర్పు ఏదో ఒకరాత్రి తెగును; అప్పుడు విసురుగా పడిన చేయి వార్తలకెక్కును, దానికి పూర్వపు వేయి రాత్రులు ఎక్కవు. 2019లో కేంద్రప్రభుత్వము విశ్రాంతగృహముల నిర్మాణమునకు నమూనా మార్గదర్శకములు వెలువరించినది. మెట్లకు పట్టుకొమ్ములు, జారని నేల, చక్రపుకుర్చీ పట్టు ద్వారము ఆవశ్యకములే. కట్టడమును ముందు, మనిషిని వెనుక తలచు అలవాటు వించెస్టరునుండి మనవరకు మారలేదు.

తల్లిదండ్రులకో, తమకో ఆశ్రమమును వెదకబోవు చదువరులకు నా విన్నపమొక్కటి. తోటను, భోజనశాలను, దేవుని మందిరమును చూచిన పిమ్మట నిర్వాహకుని నాలుగు ప్రశ్నలడుగుడు: రాత్రి రెండుగంటలకు ఎందరు నివాసులకు ఎందరు మేల్కొనియుందురు? ఇచటి పరిచారకులలో మూడేండ్లు దాటినవారెందరు? వారికి వారమునకొక సెలవు కలదా? వారిలో ఒకరికి జబ్బుచేసిన, ఆ పని చేయువారెవరు? వీనికి సూటిగ బదులు చెప్పలేనిచోట పాలరాతినేల ఎంత మెరసినను బయానా ఇవ్వకుడు.